ప్రశ్న అడిగే విద్య

పూర్వం మన గ్రామాలలో నాటువైద్యం చేసేవారు పసరు పోసేటప్పుడు అది ఏ ఆకు పసరో పక్కన నిలబడిన వారికి తెలియనిచ్చేవారు కాదు. పేరు చెబితే మందు పని చేయదన్న నమ్మకం ఒకటి ప్రచారంలో ఉండేది. ఆ నమ్మకం చాటున ఒక కుటుంబపు జీవనోపాధి దాగి ఉండేదని వేరే చెప్పనవసరం లేదు. తనకు తెలిసినది పదిమందికీ తెలిస్తే తన అవసరం తీరిపోతుందన్న భయం దాదాపు ప్రతి వృత్తిలోనూ ఉంది. ఆ భయాన్ని చాలావరకు పక్కన పెట్టిన వృత్తి ఒకటి ఇటీవలి కాలంలోనే వెలసింది. అది వెబ్ పేజీలకు స్క్రిప్టులు రాసే ప్రోగ్రామర్ల వృత్తి.

అక్షరాలు, బొమ్మలు మాత్రమే ఉన్న వెబ్ పేజీ అచ్చు కాగితం వంటిది. మీరు పరీక్షా ఫలితాల కోసం హాల్ టికెట్ నంబరు నింపి మీట నొక్కగానే మార్కులు కనిపిస్తున్నాయంటే, ఆ పేజీ వెనుక ఎవరో రాసి పెట్టిన ఆదేశాల వరుస పని చేస్తున్నదన్నమాట. దానినే స్క్రిప్టు అంటారు. కొన్ని స్క్రిప్టులు ఎక్కడో ఉన్న సర్వర్‌లో నడుస్తాయి. మరికొన్ని చూసేవారి కంప్యూటర్‌లోనే, బ్రౌజర్ లోపల నడుస్తాయి. చిక్కంతా ఇక్కడే ఉంది. రాసినవారి యంత్రం వేరు, నడిపే యంత్రం వేరు. ఇంటి దగ్గర నిక్షేపంగా పని చేసిన స్క్రిప్టు ఇంకొకరి బ్రౌజర్‌లో మొరాయిస్తుంది. నెట్‌స్కేప్, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పోటీపడిన రోజులలో ఒకే పనిని రెండు బ్రౌజర్లకు రెండు విధాలుగా రాయవలసి వచ్చేది. ఇటువంటి తేడాలను ఏ ఒక్క పుస్తకమూ పూర్తిగా చెప్పలేదు. ఎవరికి ఎదురైన చిక్కును వారు పైకి చెబితేనే అది మిగిలినవారికి తెలిసేది.

ఈ భాషల పుట్టుకలోనే ఆ స్వభావం కనిపిస్తుంది. రాస్మస్ లెర్డార్ఫ్ అనే ప్రోగ్రామర్ తన సొంత అవసరాల కోసం తయారు చేసుకున్న చిన్న సాధనాలను 1995 జూన్ 8న యూజ్‌నెట్‌లో అందరికీ ప్రకటించాడు. ఒకరు రాసినది ప్రపంచంలో ఎవరైనా చదివి బదులు రాయగలిగిన చర్చావేదిక యూజ్‌నెట్. ఆ సాధనాలే పెరిగి పీహెచ్‌పీ భాష అయ్యాయి. అదే సంవత్సరం మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ జావాస్క్రిప్ట్ తొలి రూపాన్ని 10 రోజులలో సిద్ధం చేశాడు. పది రోజులలో పుట్టిన భాషలో వింతలు లేకుండా ఎలా ఉంటాయి? నేర్పే గురువులు లేరు, పాఠ్యపుస్తకాలు లేవు. ఉన్నవారందరూ విద్యార్థులే. ఒకరికి నిన్న తగిలిన రాయి గురించి ఇంకొకరికి నేడు చెప్పడమే అక్కడ బోధన. పీహెచ్‌పీ అధికారిక కరదీపికలో ప్రతి పుట అడుగున వాడుకరులు తమ అనుభవాలను చేర్చే ఏర్పాటు ఉంది. కొన్ని పుటలలో పైనున్న పాఠం కంటే కిందనున్న ఆ అనుభవాలే ఎక్కువ ఉపకరిస్తాయనడం అతిశయోక్తి కాదు.

ఈ పరస్పర సహాయం ఎలా నడుస్తుందో తెలియడానికి ఒక ఉదాహరణను కొంచెం వివరంగా చూద్దాం. పీహెచ్‌పీ నేర్చుకునే ప్రతి వ్యక్తికీ ఏదో ఒక రోజు ఎదురయ్యే చిక్కు ఇది. ఒక విద్యార్థి లాగిన్ పేజీ తయారు చేస్తాడు. సరైన సంకేతపదం ఇచ్చిన వారిని స్క్రిప్టు మరొక పేజీకి పంపాలి. పంపదు. హెడర్లు ఇదివరకే వెళ్లిపోయాయన్న హెచ్చరిక తెర మీద కనిపిస్తుంది. విద్యార్థి తన స్క్రిప్టును పదిసార్లు చదువుతాడు. తప్పు కనబడదు. ఎందుకు కనబడుతుంది? ఆ తప్పు ఒక ఖాళీ.

సర్వర్ పంపే సమాచారంలో రెండు భాగాలుంటాయి. ముందు వెళ్లేవి హెడర్లు. అవి ఉత్తరం కవరు మీది చిరునామా వంటివి. ఫలానా పేజీకి మళ్లించమన్న ఆదేశం కూడా అందులోనే ఉంటుంది. ఆ తరువాత వెళ్లేది పేజీలోని విషయం. విషయంలో ఒక్క అక్షరం బయలుదేరినా, అప్పటికే కవరు అతికించి తపాలా పెట్టెలో వేసినట్లే. ఇక చిరునామా మార్చడం కుదరదు. పీహెచ్‌పీ ఫైలులో ఆదేశాలు మొదలయ్యే గుర్తుకు ముందు ఏమి ఉన్నా, అది ఖాళీ గీత అయినా సరే, విషయంగా భావింపబడి బయటికి వెళ్లిపోతుంది. ఫైలు పైన పొరపాటున మిగిలిన ఒక్క ఖాళీ వరుస మొత్తం లాగిన్‌ను ఆపివేస్తుంది. ఇంకా చిత్రమేమంటే, కొన్ని ఎడిటర్లు యూనికోడ్ ఫైలును భద్రపరిచేటప్పుడు దాని మొదట కంటికి కనిపించని ఒక గుర్తును చేరుస్తాయి. అప్పుడు ఖాళీ కూడా కనబడదు, తప్పు మాత్రం ఉంటుంది. పైగా, బయటికి వెళ్లవలసిన దానిని కొంతసేపు నిలువ ఉంచే సదుపాయం కొన్ని సర్వర్లలో అమలులో ఉంటుంది, మరికొన్నింటిలో ఉండదు. అందువల్ల ఇంట్లో రాని ఎర్రర్ అద్దె సర్వర్‌లో వస్తుంది.

ఇన్ని సంగతులు ఒక విద్యార్థి ఒంటరిగా కనిపెట్టాలంటే ఎన్ని రాత్రులు కావాలి! ఏ దేశంలోనో ఉన్న అపరిచితుడు అయిదు నిమిషాలు వెచ్చించి రాసిన జవాబు ఆ రాత్రులను మిగిల్చింది. ఆ జవాబు అడిగిన ఒక్కరితో ఆగలేదు. అదే చిక్కులో పడి వెదుకుతూ వచ్చిన వారందరికీ అందింది. వారిలో చాలామంది ధన్యవాదాలు కూడా చెప్పి ఉండరు. చెప్పాలని జవాబు రాసినవారు ఎదురు చూసి ఉండరు కూడా.

అయితే ఆ ఎర్రర్ సందేశంలోనే, ఏ ఫైలులో ఎన్నవ వరుస నుండి విషయం బయటికి వెళ్లడం మొదలైందో స్పష్టంగా రాసి ఉంటుంది. కొత్తవారు దానిని చదవరు. ఎర్ర అక్షరాలు చూడగానే కంగారు పడి, ‘నా స్క్రిప్టు పని చేయడం లేదు, త్వరగా సహాయం చేయండి’ అని రాస్తారు. ఏ స్క్రిప్టు? ఏమి చేయాలి? ఏమి చేస్తున్నది? వైద్యుని దగ్గరకు వెళ్లి ‘ఒంట్లో బాగాలేదు’ అని మాత్రం చెప్పి నోరు మూసుకుంటే ఏ వైద్యుడు మాత్రం ఏమి చేయగలడు? తాను ఏమి ఆశించాడో, దానికి బదులు ఏమి జరిగిందో, ఎర్రర్ ఏ మాటలలో వచ్చిందో ఉన్నదున్నట్లు రాయాలి. ఏ బ్రౌజర్‌లో, ఏ వెర్షన్‌లో వచ్చిందో చెప్పాలి. అన్నిటికంటే ముఖ్యంగా, వెయ్యి వరుసల స్క్రిప్టును యథాతథంగా ఎదుటివారి మీద కుమ్మరించకుండా, తప్పు ఇంకా కనిపిస్తూనే ఉండేటట్లు దానిని పది వరుసలకు కుదించాలి.

ఈ కుదింపులోనే అసలు విద్య ఉందని నా అభిప్రాయం. ఒక్కొక్క భాగాన్నే తొలగించుకుంటూ వెళ్లిన విద్యార్థికి ఏదో ఒక చోట తప్పు మాయమవుతుంది. ఆ చివర తొలగించిన భాగంలోనే దోషముందని అతనికే తెలిసిపోతుంది. ప్రశ్న పంపవలసిన పనే ఉండదు. ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ 1999లో ప్రచురించిన ‘ది ప్రాగ్మాటిక్ ప్రోగ్రామర్’ అనే గ్రంథంలో రబ్బరు బాతు ప్రస్తావన ఉంది. బల్ల మీద ఒక రబ్బరు బాతు బొమ్మను పెట్టుకొని, స్క్రిప్టులోని ప్రతి వరుసా ఏమి చేస్తుందో దానికి వివరించి చెప్పడమే ఆ పద్ధతి. బాతు ఏమీ మాట్లాడదు. చెప్పేవారికే మధ్యలో తట్టుతుంది. నవ్వు పుట్టించినా, ప్రోగ్రామర్లు దీనిని నిజంగానే పాటిస్తారు.

ప్రశ్న ఎలా అడగాలో చెబుతూ ఎరిక్ రేమండ్ 2001లో రాసిన వ్యాసం ప్రోగ్రామర్ల లోకంలో చాలా ప్రసిద్ధి పొందింది. ముందు మీరు ప్రయత్నించండి, వెదకండి, తరువాత అడగండి అన్నది దాని సారం. మాట నిజమే. కాని ఆ వ్యాసాన్ని కొరడాగా వాడినవారు చాలామంది ఉన్నారు. 2008లో జెఫ్ అట్‌వుడ్, జోయెల్ స్పోల్‌స్కీ ప్రారంభించిన స్టాక్ ఓవర్‌ఫ్లో వేదిక ఈ సహాయాన్ని ఒక క్రమంలో పెట్టింది. మంచి జవాబుకు గుర్తింపు పాయింట్లు ఇచ్చింది. జవాబులన్నీ ఎవరైనా తిరిగి వాడుకొనే అనుమతితో ప్రచురించింది. అదే చోట, తొలి ప్రశ్న అడిగిన కొత్తవారు చీవాట్లు తిని వెనుదిరగడం కూడా మామూలైపోయింది. తమ వేదిక కొత్తవారిని ఆదరించడం లేదని 2018లో ఆ సంస్థే బహిరంగంగా అంగీకరించింది. తెలిసినవారికి విసుగు సహజం. ఒకే ప్రశ్న వందసార్లు వింటే ఎవరికైనా విసుగు పుడుతుంది. అయినా విసుగు వచ్చినప్పుడు జవాబు చెప్పకుండా ఊరుకోవచ్చును గదా! అవమానించవలసిన పని ఏమి ఉంది?

మన విద్యార్థులకు ఇంకొక అడ్డంకి ఉంది. ఆ వేదికకు పోర్చుగీసు, రష్యన్, స్పానిష్, జపనీసు భాషలలో శాఖలు ఏర్పడ్డాయి. తెలుగులో లేదు. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన యువకుడు స్క్రిప్టులోని తప్పుతో పాటు ఇంగ్లీషు వాక్యంలోని తప్పును గురించి కూడా భయపడవలసి వస్తున్నది. అందువల్ల అడగడమే మానివేసి, ఇతరుల జవాబులను నకలు చేసుకోవడంతో సరిపెట్టుకుంటాడు.

నకలులోని ప్రమాదం చిన్నది కాదు. జవాబులకు కూడా వయస్సు ఉంటుంది. డేటాబేసుతో మాట్లాడడానికి పీహెచ్‌పీలో ఒకప్పుడు అందరూ వాడిన మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015లో వచ్చిన 7వ వెర్షన్ నుండి పూర్తిగా తొలగించారు. వాటితో రాసిన పాత జవాబులు మాత్రం ఇప్పటికీ వెదికితే దొరుకుతాయి. వాటిలో కొన్ని, వాడుకరి నింపిన మాటలను పరీక్షించకుండా నేరుగా డేటాబేసు ఆదేశంలో అతికించమని చూపుతాయి. అప్పుడు దుర్బుద్ధి గలవాడు పేరు రాయవలసిన చోట ఒక ఆదేశపు ముక్కను రాసి డేటాబేసునే తన ఇష్టప్రకారం నడపగలడు. మంచి మనస్సుతో ఇచ్చిన సలహాయే ఎవరి ఇంటి తలుపో తెరిచి పెట్టినట్లయింది. ఏ సంవత్సరంలో, ఏ వెర్షన్‌కు చెప్పిన జవాబో చూడకుండా వాడుకోవడం, తేదీ దాటిన మందు మింగడమే.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైన తరువాత పరిస్థితి మారిపోయింది. ప్రశ్నను యంత్రాన్నే అడగవచ్చును. అది విసుక్కోదు, తెలుగులో అడిగినా బదులిస్తుంది. పైన చెప్పిన యువకునికి ఇది నిజమైన ఊరట అని ఒప్పుకోవలసిందే. స్టాక్ ఓవర్‌ఫ్లో ఆ డిసెంబరులోనే యంత్రం రాసిన జవాబులను నిషేధించింది. చూడడానికి సరిగా ఉంటూ లోపల తప్పుగా ఉండే జవాబులు వరదలా వచ్చిపడడమే అందుకు కారణం. అయినా అక్కడ కొత్త ప్రశ్నల సంఖ్య ఆ తరువాత బాగా పడిపోయింది.

నా ఆందోళన యంత్రం తప్పు చెబుతుందని కాదు. మనుషులూ తప్పు చెబుతారు. యంత్రానికి ఆ తెలివి ఎక్కడి నుండి వచ్చింది? మనుషులు పదిమంది ఎదుట అడిగి, పదిమంది ఎదుట చెప్పిన ప్రశ్నోత్తరాలు కూడా దాని చదువులో భాగం. 2024లో స్టాక్ ఓవర్‌ఫ్లో తన ప్రశ్నోత్తరాలను అందించడానికి గూగుల్, ఓపెన్ఏఐ సంస్థలతో ఒప్పందాలు చేసుకున్నప్పుడు, ఉచితంగా జవాబులు రాసినవారిలో కొందరు ఆగ్రహించి తమ రాతలను చెరిపివేయబోయారు. వారి కోపాన్ని అర్థం చేసుకోగలను గాని, చెరిపివేతను సమర్థించలేను. దానివల్ల నష్టపోయేది రేపు వెదుకుతూ వచ్చే విద్యార్థి. యంత్రంతో జరిపిన సంభాషణ ఆ గదిలోనే ముగిసిపోతుంది. బ్రౌజర్లు మారుతూనే ఉంటాయి, కొత్త తప్పులు పుడుతూనే ఉంటాయి. వాటిని మొదట ఎదుర్కొన్న మనిషి తాను కనుగొన్న పరిష్కారాన్ని బయట రాసి పెట్టకపోతే, తరువాతి మనిషికీ అందదు, యంత్రానికీ అందదు. కనుక యంత్రాన్ని అడగండి. చిక్కు తీరిన తరువాత మాత్రం, ఎలా తీరిందో పదిమందికీ కనిపించే చోట నాలుగు వాక్యాలు రాయండి. ‘సమస్య తీరింది’ అని మాత్రమే రాసి వెళ్లిపోయేవారిపై వెనుక వచ్చినవారికి ఎంత కోపం వస్తుందో అనుభవించినవారికే తెలుసు.

ఇందులో తెలుగువారు తప్ప ఇతరులు రాయలేని భాగం కూడా ఉంది. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో మన పత్రికల వెబ్ పేజీలు ఒక్కొక్కటి ఒక్కొక్క సొంత ఫాంటు వాడేవి. ఆ ఫాంటు లేని బ్రౌజర్‌లో అర్థంలేని గుర్తులు కనిపించేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి చూపిన పద్మ, ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు రాయనిచ్చిన లేఖిని వంటి సాధనాలు తెలుగు ప్రోగ్రామర్ల స్వచ్ఛంద కృషి ఫలాలు. ఇప్పుడు ఫాంటు బాధ తగ్గింది గాని, లెక్క బాధ మిగిలి ఉంది. ‘తెలుగు’ అనే పదంలో మనకు 3 అక్షరాలు. జావాస్క్రిప్ట్ 6 అంటుంది. అది గుణింతపు గుర్తులను వేరుగా లెక్కిస్తుంది. దరఖాస్తులో పేరు 10 అక్షరాలకు మించరాదని స్క్రిప్టు రాస్తే, మన లెక్కలో 5 అక్షరాలున్న ‘వేంకటలక్ష్మి’ని అది 12గా లెక్కించి తోసిపుచ్చుతుంది. దీనికి సెగ్మెంటర్ అనే సాధనం ఉంది. అది క్రోమ్‌లో 2020లోను, ఫైర్‌ఫాక్స్‌లో 2024లోను వచ్చింది. అక్షరాల విభజనకు సంబంధించిన యూనికోడ్ నియమాన్ని తెలుగు వత్తులకు వర్తించేటట్లు 2023లో సవరించారు. ఆ సవరణను పాటించే బ్రౌజర్‌లో ‘క్ష్మి’ ఒక అక్షరం. పాటించని దానిలో మూడు ముక్కలు. ఏ బ్రౌజర్‌లో, ఏ వెర్షన్‌లో ఎంత లెక్క వచ్చిందో సరిచూసి రాసిన తెలుగు జవాబు కోసం వెదికి చూడండి. దొరకకపోతే ఆ మొదటి జవాబు మీరే రాయవచ్చును.