వేరునకు చోటు

చెట్టులో కంటికి కనబడునది కొంత భాగము మాత్రమే. కొమ్మలను, పూలను చూచి జనులు ఆనందింతురు. నేల క్రింద నుండి వానిని పోషించు వేళ్లను తలచువారు అరుదు. నగరములలో చెట్లను నరకుచున్నారని వాపోవువారు పెక్కురు కలరు. కాని నాటిన చెట్టునకు ఊపిరి సలుపనీయకుండుట గూడ దానిని మెల్లమెల్లగా నరకుటయే.

వేళ్లు పాతాళమునకు దిగునని సామాన్యముగా తలంతురు. నిజమునకు చెట్టునకు ఆహారము నందించు సన్నని వేళ్లలో అధికభాగము నేలపై పొరలో, సుమారు అర మీటరు లోతులోపలనే యుండును. అవి కొమ్మల నీడను దాటి చాలదూరము ప్రాకును. వేళ్లు నీటిని త్రాగుటయే కాదు, గాలిని గూడ పీల్చును. మట్టిరేణువుల నడుమనున్న సందులే వానికి గాలి చేరు దారులు. బండ్ల బరువునకు మట్టి గట్టిపడినను, పైన సిమెంటు కప్పినను ఆ దారులు మూసికొనిపోవును. వాన కురిసినను నీరు ఇంకదు. అంతట కొమ్మలు చివరల నుండి ఎండనారంభించును.

వేరు బలమెట్టిదో తెలియగోరువారు కోఠికి సమీపముననున్న ఉస్మానియా ఆసుపత్రికి పోయి చూడవచ్చును. 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు మరణించిరి. ఆనాడు అఫ్జల్‌గంజ్ ఉద్యానములోని ఒక చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఇండ్లు కూలిన ఆ ప్రవాహమున చెట్టు నిలిచెను. జనులకు ఆధారమైనవి కొమ్మలు. కొమ్మలకు ఆధారమైనవి వేళ్లు. ఉద్యానములోని మెత్తని నేలలో స్వేచ్ఛగా పెరిగిన వేళ్లే లేకున్న, ఆ చెట్టు తనను తాను నిలుపుకొనజాలక పోయెడిది.

కోఠి యనగా పెద్ద భవనము. 19వ శతాబ్ది ఆరంభమున నిర్మింపబడిన బ్రిటిషు రెసిడెన్సీ భవనమును బట్టియే ఈ పేట కా పేరు వచ్చినది. చిరకాలము మహిళా కళాశాలగా నుండి, 2022లో విశ్వవిద్యాలయమైన ఆ ఆవరణలో చెట్లకు మట్టి దొరకుచున్నది. ప్రాకారము దాటి వీథిలోనికి వచ్చినచో పరిస్థితి వేరు. కోఠి నుండి నారాయణగూడ, చిక్కడపల్లి వైపు పోవు బాటలలో కాలిబాట రాళ్లు అనేక చెట్ల మొదళ్లను పట్టి బిగించియుండుట కానవచ్చును. కొన్నిచోట్ల వేళ్లు రాళ్లను పైకెత్తును. అప్పుడు జనులు చెట్టును నిందింతురు. గాలి, తేమ అందక పైకి వచ్చిన వేరుది తప్పా? చోటీయని వారిది తప్పా?

“ఇరుకు వీథులలో మనుష్యులు నడచుటకే చోటు లేదు, వేళ్లకెక్కడ తెత్తుము?” అని కొందరందురు. ఇది త్రోసివేయదగిన మాట కాదు. వృద్ధులు తొట్రుపడక నడువవలయును. చిరువర్తకుల బ్రతుకు సాగవలయును. ఐనను ఈ రెంటికిని పొత్తు కుదుర్పవచ్చును. చెట్టుచుట్టు ఒక మీటరు మేర కాంక్రీటు నుండకూడదని జాతీయ హరిత న్యాయస్థానము 2013లో ఢిల్లీ అధికారుల నాదేశించినది. అట్లు విడిచిన మట్టిపై ఇనుప జాలి పరచినచో మనుష్యుడు పైన నడచును, నీరు క్రిందికి దిగును. స్వీడను దేశమందలి స్టాక్‌హోమ్ నగరమున కాలిబాటల క్రింద పెద్దరాళ్లను పేర్చి, సందులలో మట్టి నింపి, గాలియు వాననీరును చొచ్చునట్లు చేయుచున్నారు. బాట బరువును రాళ్లు మోయును. సందులలో వేళ్లు పెరుగును.

మొక్క నాటునాడే ఈ శ్రద్ధ మొదలు కావలయును. తెలంగాణలో 2015లో హరితహారము ప్రారంభమైన పిమ్మట బడులలోను, వీథులలోను మొక్కలు విరివిగా నాటబడినవి. లెక్కకు గుంటలు త్రవ్వుట సులభము. వేరునకు తగినంత త్రవ్వుట శ్రమ. ప్లాస్టిక్ సంచిలో చాలకాలముండిన మొక్క వేళ్లు చోటులేక చుట్టలు చుట్టుకొనును. సంచి చింపి, ఆ చుట్టలను విప్పియో, కత్తిరించియో నాటకున్నచో, అవి పెరిగి లావై తమ కాండమునే బిగించును. మొక్కై వంగనిది మానై వంగదను సామెత అందరెరిగినదే. మొక్కనాడు వంకరపోయిన వేరు మానైన పిదప చక్కబడదనుటయు అంతే నిజము. కుండీలోని తులసి కైనను వేళ్లు నిండినప్పుడు పెద్దకుండీ కావలయును.

కావున ఒక పాఠశాల నూరు మొక్కలు నాటి మరచుటకంటె, పది మొక్కలకు వెడల్పయిన పాదులు చేసి, వాని మొదళ్లను సిమెంటు నుండి కాపాడుట మేలు. నాటిన మొక్కల సంఖ్య పత్రములలో నిలుచును. చోటు దొరకిన చెట్టు నేలపై నిలుచును. నీడ కోరువారు ముందు నేలను విడువవలయును.