లొట్టి చూస్తారు, మోకు చూడరు

ఎండలు ముదిరితే ఉమ్మడి నల్గొండ జిల్లా తాటివనాల్లో ఆదివారాలు పట్నం కార్లు కనిపిస్తాయి. నలుగురైదుగురు స్నేహితులు, వెంట గుడాలు, పల్లీలు. ఈ వనంలో ఒక లొట్టి, ఆ వనంలో ఒక లొట్టి రుచి చూస్తూ పొద్దుగూకే దాకా తిరుగుతారు. తప్పేమీ లేదు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. నిద్రమందు కలిపిన కల్లుకన్నా చెట్టు కిందికి వచ్చి తాగడమే మేలు.

అయితే వచ్చినవారు లొట్టి చూస్తారు గాని గౌడన్న నడుముకున్న మోకు చూడరు. 50, 60 అడుగుల చెట్టు పొద్దున, సాయంత్రం ఎక్కి గెల గీయాలి. మోకు జారితే నడుము విరుగుతుంది. ఆపైన ఇల్లు ఎలా గడుస్తుందో ఆ ఇల్లాలికే తెలుసు. 2024 జులైలో ప్రభుత్వం 'కాటమయ్య రక్ష' పేరుతో రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. అవి ప్రతి గీత కార్మికునికీ అందాలి. అందినా దూలానికి వేలాడదీసి పాత మోకుతోనే ఎక్కేవారికి ఇంటివారే గట్టిగా చెప్పాలి.

నాసిక్ ద్రాక్ష తోటల్లో వైన్ రుచి చూడడానికి మనిషికింతని కట్టించుకుంటారు. అక్కడ నోరెత్తనివారే ఇక్కడ పది రూపాయలకు పేచీ పెడతారు. ఆ మత్తులోనే వడ్లు ఆరబోసిన రోడ్ల మీద కార్లు తోలుతారు. తాగనివాడొకడు వెంట ఉండాలన్న ఇంగితం లేదు. వనంలో వాళ్ళు పగలగొట్టి పోయిన సీసాల మధ్యనే మర్నాడు గౌడన్న చెప్పులు విడిచి చెట్టెక్కాలి.