పచ్చ విమానానికి పైసలు కట్టేదెవరు?

"పర్యావరణానికి హాని చేయని విమాన ప్రయాణానికి మీరు ఎంత ఎక్కువ కడతారు?" విమాన కంపెనీలు, బిజినెస్ స్కూళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్న ప్రశ్న ఇది. సర్వేలో చాలామంది "కడతాం" అంటారు. టికెట్ కొనేటప్పుడు ఆ గడిలో టిక్కు పెట్టేది కొద్దిమందే. మాటకీ చేతకీ పొంతన లేదేమిటని పరిశోధకులు తలలు పట్టుకుంటున్నారు.

మిత్రులారా, నా గొడవ ఆ పొంతన గురించి కాదు. అసలు ప్రశ్నే తప్పు. ఎవర్ని అడుగుతున్నారో చూడండి.

2018లో విమానం ఎక్కింది ప్రపంచ జనాభాలో సుమారు 11 శాతం మంది. ప్రయాణికుల విమానాలు వదిలే కార్బన్‌లో సగానికి పైగా 1 శాతం మందిదే. గోస్లింగ్, హంపే అనే పరిశోధకులు 2020లో కట్టిన లెక్క ఇది. ఎండకు మాడేది, వరదకు మునిగేది మాత్రం అందరూ. అభిప్రాయం అడిగేది ఎక్కినవాళ్లనే.

హఫీజ్‌పేట్‌నే తీసుకోండి. ఒకే పొద్దున ఇక్కడి నుంచి ఇద్దరు బయల్దేరుతారు. ఒకరు క్యాబ్‌లో శంషాబాద్ పోతారు, టికెట్ కంపెనీ ఖర్చు. ఇంకొకరు ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీ స్టేషన్‌లో దిగి అదే కంపెనీలో బాత్రూములు కడుగుతారు. ఎయిర్‌పోర్టు 2008లో వచ్చింది. అంతకు ముందే, 2003లో, మొదలైన ఎంఎంటీఎస్ ఈరోజుకీ ఉందానగర్ దాటి ఎయిర్‌పోర్టులోకి పోదు. "అమ్మా, నీ ప్రయాణం ఎప్పట్నుంచో పచ్చగానే ఉంది, నీకెంత ఇవ్వాలి?" అని ఆ రెండో మనిషిని ఏ సర్వే అయినా అడిగిందా?

ఇక ఆ అదనపు పైసలతో కొనే పచ్చదనం సంగతి.

ఒకటి, ఆఫ్‌సెట్. నువ్వు ఇక్కడ పొగ వదులు, నీ పేరు మీద ఎక్కడో అడవిని కాపాడతామని ఇచ్చే కాగితం. వెర్రా అనే పెద్ద సంస్థ ఆమోదించిన వర్షారణ్య క్రెడిట్లలో 90 శాతానికి పైగా ఉత్తుత్తివేనని 2023 జనవరిలో గార్డియన్, డీ జైట్ పత్రికలు రాశాయి. వెర్రా ఒప్పుకోలేదు. గోదానం ఇస్తే పాపం పోతుందనే వ్యాపారం మనకు కొత్తా? పాపం చేసే హక్కూ, కడుక్కునే హక్కూ ఉన్నోడివే.

రెండోది, బయో ఇంధనం. 2018 ఆగస్టులో స్పైస్‌జెట్ అడవి ఆముదం నూనెతో చేసిన ఇంధనం కలిపి డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి విమానం నడిపింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ గింజ ఏ నేలలో పండాలి? "బంజరు"లో పెంచండని 2003లోనే ప్రణాళికా సంఘం కమిటీ చెప్పింది. రికార్డులో బంజరు అని రాసిన చోటే మన మేకలు మేస్తాయి, మన పొయ్యికి పుల్లలు దొరుకుతాయి. మాల మాదిగ వాడలకు ఇచ్చిన అసైన్డ్ పట్టాల్లో చాలా వరకు అలాంటి నేలే. ఆ భూమి చేతులు మారుతోందనే కదా 1977లో చట్టం తెచ్చింది! ఇప్పుడు అంతర్జాతీయ విమానాల్లో ఇలాంటి ఇంధనం 2027లో 1 శాతం, 2028లో 2 శాతం కలపాలని కేంద్రం లక్ష్యం పెట్టింది. వాడిన వంటనూనెతోనూ చేయొచ్చు, నిజమే. కానీ లక్ష్యం పెరిగినకొద్దీ దాని చూపు నేల మీద పడుతుంది. ఎవరి నేల మీద పడుతుందో మనకు తెలుసు.

"అయితే మన పిల్లలు విమానం ఎక్కొద్దా?" అని అడుగుతారు. ఎక్కాలి. 2017లో ఉడాన్ కింద కడప–హైదరాబాద్ విమానం మొదలైనప్పుడు హవాయి చెప్పులోడు కూడా ఎగరాలన్నారు. ఎగరనివ్వండి. పీహెచ్‌డీ సీటొచ్చి మొదటిసారి విమానం ఎక్కే వాడపిల్లనూ, నెలకు నాలుగుసార్లు తిరిగే కన్సల్టెంటునూ ఒకే గాటన కట్టకండి అంటున్నా. ఏడాదిలో మొదటి ప్రయాణానికి పన్ను వద్దు. రెండోదానికి కొంత, పదోదానికి భారీగా వేయండి. ఆ డబ్బు ఎంఎంటీఎస్‌కు, సిటీ బస్సులకు పెట్టండి. వాడ ఒప్పుకోకుండా ఇంధన పంట కోసం ఒక్క గుంట భూమి ముట్టొద్దు.

ఇదేం జరగని పని కాదు. యూరప్‌లో బయల్దేరే విమానాలకు లుఫ్తాన్సా 2025 నుంచి 1 నుంచి 72 యూరోల దాకా పర్యావరణ సర్‌చార్జి వసూలు చేస్తోంది. ఎవరి ఇష్టమూ అడగలేదు.

అగ్గిపెట్టె కొన్న ప్రతిసారీ జీఎస్టీ కట్టే మా అమ్మని "కట్టాలని ఉందా?" అని ఎవరడిగారు? పేదోడి దగ్గరికొస్తే పన్ను, ఉన్నోడి దగ్గరికొస్తే సర్వేనా?

జై భీమ్.