మల్లెనూనె

గత వైశాఖమున మా ఆడుబిడ్డ సీమంతమునకై మల్లెనూనె చేయబూని, నువ్వులనూనెలో మొగ్గలు వేసి పొయ్యిమీద కాచితిమి. ఇల్లంతయు ఘుమఘుమలాడినది, గిన్నెలో వట్టి నూనె మిగిలినది. తట్టెడు పూలును బూడిదలో పోసిన పన్నీరైనవి. మా అత్తగారు ఏమియు ననలేదు. ఆ యనకపోవుటయే మాకు చాలినది.

కారణ మిది. ఆమ్లమును ఆల్కహాలును కలిసి నీటిని విడువగా నేర్పడునది ఎస్టరు. మల్లెపరిమళమున ముఖ్యమైనవానిలో నొకటియగు బెంజైల్ ఎసిటేట్ ఎస్టరే. గ్లిసరినును మూడు కొవ్వు ఆమ్లములు పట్టుకొనియుండు నువ్వులనూనెయు ఎస్టరే. వంశ మొక్కటే, చిన్నది వేడికి ఎగిరిపోవును, పెద్దది కదలదు. వరాహమిహిరుని బృహత్సంహితలోని గంధయుక్తి ప్రకరణమున చంపకగంధ తైలమును సూర్యకిరణములచే కాచుమని యున్నది. చదివియు మరచితిమి.

నేడు కర్మాగారములలో పొయ్యికి మారు బొగ్గుపులుసు గాలిని, అనగా సోడాలో బుడగలుగా వచ్చు కార్బన్ డయాక్సైడును వాడుచున్నారు. దానిని 31 డిగ్రీలకు మించిన వేడిమిలో, వాతావరణపు ఒత్తిడికి 73 రెట్లు మించి అదిమినచో అది గాలియు గాదు, ద్రవమును గాదు. ద్రవమువలె కరిగించుకొనును, గాలివలె సందులలో దూరును. బెల్‌ఫాస్టు నగరమున థామస్ ఆండ్రూస్ 1869లో ఈ హద్దును వివరించెను. మన ప్రెషర్ కుక్కరులోని ఒత్తిడి రెండు రెట్లు మాత్రమే. కావున ఇది వంటింటి పని కాదు సుమా!

అందు ఎస్టరుల నడవడి వింతగొలుపును. 40 డిగ్రీలయొద్ద, నూరు రెట్ల ఒత్తిడిలో పరిమళపు చిన్న ఎస్టరు చక్కగా కరగును. బరువైన నూనె కరగుట బహుస్వల్పము. 300 రెట్లకు పెంచినను కొద్దికొద్దిగనే లొంగును. అయినను నూనె గాలిలోనికి పోకున్న, గాలియే నూనెలోనికి పోయి దానిని ఉబ్బించి పలుచన చేయును. పూలనుండి మైనము సైతము వెంటవచ్చును గనుక, మొదటి పాత్రలో చల్లబరచి దానిని దింపుదురు. తరువాతి పాత్రలో ఒత్తిడి సడలింపగనే గాలి పోవును, పరిమళము అడుగున నిలుచును.

మా అత్తగారి పద్ధతిలోను నిప్పు లేదు. నువ్వుల నడుమ పూలను పొరలుగా పరచి, దినదినము వాడినవి తీసి క్రొత్తవి వేసి, పిదప గానుగాడించుట. నువ్వులలోని పెద్ద ఎస్టరు చిన్నదానిని తనలో కరగించుకొనును.

ఈ ఫాల్గుణమున మేనల్లుని అన్నప్రాశనమునకై అట్లే పరచితిమి. నేటికి ఆరవమారు పూలు మార్చితిమి. అత్తగారు డబ్బామూత తీసి వాసనచూచి, మరి నాలుగు దినము లుంచుమనిరి.