రెజ్యూమెలో పంది ఉంటే సిగ్గెందుకు?

ఆ మధ్య మా కాలేజీ జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. బయోటెక్నాలజీ ఫైనలియర్. ‘అన్నా, నా ప్రాజెక్టు పందిపిల్లల పేగు కణాల మీద పాలిఅమైన్ల ప్రభావం గురించి. రెజ్యూమెలో పంది అని కనిపిస్తే ఇంటర్వ్యూలో నవ్వుతారేమో. బయలాజికల్ డేటా అనలిటిక్స్ యూజింగ్ పైథాన్ అని మార్చేయనా?’ అని అడిగాడు.

వద్దన్నాను. కానీ ఎందుకు వద్దో అప్పుడు గట్టిగా చెప్పలేకపోయాను. నేను చదివింది ఎలక్ట్రానిక్స్. పాలిఅమైన్లంటే ఏమిటో నాకూ తెలీదు. వాడి రిపోర్టు తెప్పించుకుని, పక్కన నాలుగు పేపర్లు పెట్టుకుని చదివాక జవాబు దొరికింది. మీలో చాలామంది కూడా ప్రాజెక్టు అసలు పేరు దాచేసి పైథాన్, ఏఐ అని పెద్దక్షరాలతో రాస్తున్నారు. అందుకే ఆ జవాబు మీకూ చెబుతున్నా.

ముందు పందిపిల్ల కష్టం వినండి. సహజంగా వదిలేస్తే అది మూడు నెలలు, అంతకన్నా ఎక్కువ కాలం తల్లిపాలు తాగుతూ నెమ్మదిగా మానుతుంది. ఫారాల్లో మూడు నాలుగు వారాలకే పాలు మాన్పిస్తారు. ఒక్క రోజులో తల్లి ఉండదు, పాలుండవు. కొత్త షెడ్డు, తెలియని పిల్లలు, ఎండు దాణా. మొదటి ఒకట్రెండు రోజులు సరిగా తినదు. ఆ కాస్త వ్యవధిలోనే చిన్నపేగు లోపల వేళ్లలా నిలబడి పోషకాలు పీల్చుకునే చూషకాలు కుంచించుకుపోతాయి. పేగు పొరలో కణాన్ని కణంతో కలిపి ఉంచే అతుకులు వదులవుతాయి. ఈ.కొలి లాంటి బ్యాక్టీరియాకు అదే అదను. పిల్లకు పారుడు పట్టుకుంటుంది. కొన్ని బరువు తగ్గి కోలుకుంటాయి, కొన్ని చచ్చిపోతాయి.

దీనికి దశాబ్దాల పాటు ఉన్న సులువు మందు దాణాలో యాంటీబయాటిక్స్ కలపడం, లేదంటే జింక్ ఆక్సైడ్ ఎక్కువ మోతాదులో వేయడం. ఆ దారులు మూసుకుపోతున్నాయి. పెరుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని యూరోపియన్ యూనియన్ 2006లో, చైనా 2020లో ఆపేశాయి. ఆ చైనాలోనే ప్రపంచంలోని పందుల్లో దాదాపు సగం ఉన్నాయి. మందు మోతాదులో జింక్ ఆక్సైడ్ వాడకానికి యూరప్ 2022 జూన్‌లో సెలవు చెప్పింది. మన దేశం కూడా ఆహారం కోసం పెంచే జంతువులకు కొలిస్టిన్ ఇవ్వడాన్ని 2019లో నిషేధించింది. ఎందుకంటే మనుషుల ఐసీయూల్లో అది చివరి దశలో చేతిలో మిగిలే మందుల్లో ఒకటి. మరి యాంటీబయాటిక్ లేకుండా ఆ పిల్ల పేగును నిలబెట్టేదెలా? మావాడు సిగ్గుపడుతున్న ప్రాజెక్టు ఉన్నది సరిగ్గా ఈ ప్రశ్న దగ్గరే.

పాలిఅమైన్లంటే పుట్రెసిన్, స్పెర్మిడిన్, స్పెర్మిన్ అనే చిన్న అణువులు. పేర్లు అంత గౌరవంగా లేవు, ఒప్పుకుంటా. మొదటిది కుళ్లిన మాంసంలో దొరికింది. మూడోదాని స్ఫటికాలను 1678లోనే లీవెన్‌హుక్ వీర్యంలో చూశాడు. కానీ ప్రాణమున్న ప్రతి కణంలోనూ ఇవి ఉంటాయి. వీటికి ధనావేశం ఉంటుంది, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏలకు రుణావేశం. అందుకని వాటిని అంటిపెట్టుకుని, కణం విభజన చెందడానికి, ప్రొటీన్లు తయారు చేయడానికి సాయపడతాయి. పేగు పొర కొద్ది రోజులకోసారి పూర్తిగా కొత్తదవుతుంది. కాబట్టి వీటి అవసరం అక్కడ చాలా ఎక్కువ.

ఇవి కొంత తల్లిపాల నుంచి, కొంత పేగులోని బ్యాక్టీరియా నుంచి వస్తాయి. మిగతాది కణమే తయారు చేసుకుంటుంది. ఆర్జినిన్ నుంచి ఆర్నిథిన్, దాన్నుంచి పుట్రెసిన్, ఆ తర్వాత మిగతా రెండూ. ఆర్నిథిన్‌ను పుట్రెసిన్‌గా మార్చే ఎంజైమ్‌కు అడ్డుపడే మందు ఒకటుంది, పేరు డీఎఫ్ఎంఓ. దాన్ని వేస్తే పేగు కణాల పెరుగుదల ఆగిపోతుంది, గాయమైన చోటుకు పక్క కణాలు జరిగి వచ్చి పూడ్చే పని మందగిస్తుంది, అతుకులు బలహీనపడతాయి. బయటి నుంచి పాలిఅమైన్ ఇస్తే మళ్లీ కోలుకుంటాయి. ఎలుక పేగు కణాల మీద ఎన్నోసార్లు చూసిన విషయమిది. పందిపిల్లల్లో ఇంకో చిక్కు ఉంది. తల్లి పంది పాలలో ఆర్జినిన్ పిల్ల అవసరానికి చాలదు. దాణాలో ఆర్జినిన్ కలిపి చూడాలన్న ఆలోచన అందుకే వచ్చింది.

ఇక నాకు బాగా నచ్చిన చోటుకు వస్తా. పేగు పొర కారుతోందో లేదో ఎలా కొలుస్తారు? సన్న రంధ్రాలున్న ఒక పొర మీద పంది పేగు కణాలు పెంచుతారు. ఐపెక్-జే2 అనే కణాలు ఇందుకు పేరున్నవి, అప్పుడే పుట్టి ఇంకా పాలు కూడా తాగని పిల్ల పేగు నుంచి తీసినవి. కణాలు నిండుగా పరుచుకున్నాక పైన ఒక ఎలక్ట్రోడ్, కింద ఒక ఎలక్ట్రోడ్ పెట్టి విద్యుత్ నిరోధం కొలుస్తారు. అంతే! అతుకులు గట్టిగా ఉంటే నిరోధం ఎక్కువ, వదులైతే తక్కువ. మన ఓమ్ సూత్రమే. రీడింగ్ 2100 ఓమ్‌లు వచ్చిందనుకోండి. కణాలు లేని ఖాళీ పొర నిరోధం 100 ఓమ్‌లు తీసేస్తే 2000. పొర వైశాల్యం 1.12 చదరపు సెంటీమీటర్లయితే ఈ రెంటినీ గుణించాలి, 2240 వస్తుంది. భాగించకూడదు. వైశాల్యం పెరిగితే కరెంటుకు సమాంతర దారులు పెరిగి నిరోధం తగ్గుతుంది కదా, ఆ తేడాను సరిచేయడానికే గుణించడం. మావాడి కోడ్‌లో భాగించి ఉంది. ప్లేటు సైజు ఒకటే కావడంతో గ్రాఫు ఆకారం మారలేదు, అందుకే ఎవరూ పట్టుకోలేదు.

దానికన్నా పెద్ద తప్పు ఇంకొకటి. స్పెర్మిన్ మోతాదు పెంచేకొద్దీ కణాలు చచ్చిపోయాయని, కాబట్టి ఎక్కువైతే స్పెర్మిన్ విషమని రిపోర్టులో రాశారు. నిజం కావచ్చు. కానీ కణాలను పెంచే ద్రవంలో సాధారణంగా ఆవు జాతి సీరం కలుపుతారు. అందులో ఉండే అమైన్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ స్పెర్మిన్‌ను విరగ్గొడుతుంది. అప్పుడు హైడ్రోజన్ పెరాక్సైడ్, విషపూరితమైన ఆల్డిహైడ్లు పుడతాయి. కణాలను చంపింది స్పెర్మినా, సీరంతో కలిసి అది పుట్టించిన చెత్తా? తేల్చాలంటే ఆ ఎంజైమ్‌ను ఆపే అమైనోగ్వానిడిన్ వేసి, పక్కన మరో వరస పెట్టి చూడాలి. ఈ రంగంలో ఎప్పట్నుంచో తెలిసిన ఉచ్చే ఇది. పైథాన్‌లో ఎంత పట్టు ఉన్నా ఎక్సెల్ షీటులో అది కనిపించదు. దాన్ని పట్టుకోగలిగేది పంది పేగు గురించి, ఆ ద్రవం గురించి తెలిసినవాడే. వాడు దాచేద్దామనుకున్నది ఆ భాగాన్నే!

‘కంపెనీలు కీవర్డ్స్ చూసే వడపోస్తాయి కదా అన్నా’ అంటారు మీరు. నిజమే. స్కిల్స్ దగ్గర పైథాన్ రాయండి, ఎవరూ కాదనరు. ప్రాజెక్టు పేరు మాత్రం ఉన్నదున్నట్టు ఉంచండి. పైథాన్ వచ్చని రాసిన వాళ్లు లైన్లో మీ ముందు వందమంది ఉంటారు. ‘ఈ అంకె ఎలా వచ్చింది?’ అని అడిగితే పది నిమిషాలు మాట్లాడగలిగేవాళ్లు ఎంతమంది?

పందుల పరిశోధనలో కుప్పలుగా ఉద్యోగాలున్నాయని మాత్రం నేను చెప్పను. 2019 పశుగణన ప్రకారం దేశంలో పందులు సుమారు 90 లక్షలు, 2012తో పోలిస్తే 12 శాతం తగ్గాయి. తిరుపతి వెటర్నరీ యూనివర్సిటీలో పందుల మీద పరిశోధన నడుస్తోంది, గువాహటి దగ్గర రాణిలో జాతీయ పంది పరిశోధనా కేంద్రం ఉంది, కానీ సీట్లు కొన్నే. అయితే నేర్చుకున్న పని పంది దగ్గరే ఆగదు. మింగిన మందు పేగు దాటి రక్తంలోకి ఎంత వెళ్తుందో అంచనా వేయడానికి ఫార్మా ల్యాబుల్లో కాకో-2 అనే మనిషి కణాల పొర వాడతారు. ఆ పొర సరిగా ఏర్పడిందో లేదో చూసేదీ ఈ నిరోధంతోనే. హైదరాబాద్ చుట్టూ ఫార్మా ల్యాబులకు కొదవ లేదు. కోస్తాలో రొయ్యల మేతలోకి వెళ్లే చేపపొడి చెడిపోయిందా లేదా అని తేల్చే కొలతల్లో పుట్రెసిన్ ఒకటి. అదే డీఎఫ్ఎంఓను పిల్లలకు వచ్చే న్యూరోబ్లాస్టోమా క్యాన్సర్‌కు 2023 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించింది. క్యాన్సర్ కణం కూడా పెరగాలంటే పాలిఅమైన్లు కావాలి మరి. దాణాలో ఎంత ఎక్కువ కలిపితే అంత మంచిదని ఎవరైనా అంటే నమ్మకూడదనడానికి ఇదీ ఒక కారణం.

మావాడికి మళ్లీ ఫోన్ చేసి, ‘మీ ల్యాబులో అమైనోగ్వానిడిన్ వేశారా?’ అని అడిగాను. తెలీదన్నాడు. వెళ్లి గైడ్‌ను అడిగాడట. వేయలేదు. ఇప్పుడు సీరం లేకుండా ఒక ప్లేటు, అమైనోగ్వానిడిన్‌తో ఇంకో ప్లేటు మళ్లీ పెడుతున్నారు. గుణకారం కూడా సరిచేసి నాకు కోడ్ పంపాడు. రెజ్యూమె కూడా పంపాడు. రెండో లైన్లోనే పంది ఉంది.