ఆ 70 సీట్లు మీ చేతిలోనే ఉన్నాయి

సిరియా అధ్యక్షులు అహ్మద్ అల్ షరా గారికి,

2025 అక్టోబరు 5న మీ పీపుల్స్ అసెంబ్లీకి ఎంపికైన 119 మందిలో మహిళలు ఆరుగురే. అదే ఏడాది మార్చిలో మీరు ప్రకటించిన 23 మంది మంత్రుల్లో హింద్ కబవాత్ గారొక్కరే మహిళ. పద్నాలుగేళ్ల యుద్ధంలో ఇళ్లు నిలబెట్టిన ఆడవాళ్లకు ఇదా వాటా?

డమాస్కస్ వీధిలో, తప్పిపోయిన భర్త ఫొటో గుండెకు ఆనించుకుని నిలబడ్డ ఇల్లాలిని చూడండి. అతను బతికున్నాడనడానికి కాగితం లేదు, పోయాడనడానికీ లేదు. ఇల్లు అతని పేరున ఉంటే ఆమె అమ్మలేదు. మీ చట్టంలో పిల్లల సంరక్షణాధికారం తండ్రిది, తర్వాత తాతది. కన్నబిడ్డ పాస్‌పోర్టుకు కూడా ఆ తల్లి మగవాళ్ల సంతకం కోసం తిరగాలి. ఆ భర్తలా తప్పిపోయినవాళ్లు లక్షకు పైనే. ఈ చట్టాలు మార్చాల్సిన సభలో ఆ బాధ పడ్డవాళ్లే లేకపోతే, ఆ మాట ఎత్తేదెవరు?

యుద్ధంలో, ఊచకోతలో నలిగిన రువాండా 2003 రాజ్యాంగంలోనే మహిళలకు కనీసం 30 శాతం స్థానాలు రాసుకుంది. మా పంచాయతీల్లో సగం స్థానాలు మహిళలవి. కుర్చీ భార్యది, పెత్తనం భర్తదిగా సాగిన ఊళ్లూ చూశాం. అందుకే పేరుకు చోటిస్తే సరిపోదంటున్నాను.

మొత్తం 210 సీట్లలో 70 మీరే నామినేట్ చేస్తారు. వాటిలో కనీసం సగం మహిళలకివ్వండి. తప్పిపోయినవారి కుటుంబాల ఆడవాళ్లను మరవకండి. చట్టాలు, రాజ్యాంగం రాసే కమిటీల్లో వారిని కూర్చోబెట్టండి. జాబితాపై సంతకం పెట్టేముందే ఈ పని చేయమని కోరుతున్నాను.

ఇట్లు,
హైదరాబాద్ నుంచి ఒక పౌరురాలు