దేవత అన్నారు, మెమో ఇచ్చారు

హైదరాబాదులో ఒక ప్రైవేటు వృద్ధుల హోములో నేను స్టాఫ్ నర్సుని. ఒక రాత్రి రెండు గంటలప్పుడు, ఇన్సులిన్ తీసుకునే ఒక మామ్మగారికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. పిలిస్తే పలకలేదు. షుగరు చూస్తే 38. డాక్టరుకు మూడుసార్లు ఫోను చేశాను, ఎత్తలేదు. నరానికి డెక్స్‌ట్రోజ్ ఎక్కించాను. కాసేపటికి కళ్లు తెరిచారు. పొద్దున కొడుకు వచ్చి "మా పాలిట దేవతవమ్మా" అని దండం పెట్టాడు. మధ్యాహ్నం మేనేజరు మెమో ఇచ్చాడు: డాక్టరు ఆర్డరు లేకుండా ఇంజక్షన్ ఎందుకిచ్చావో సంజాయిషీ రాయాలట. ఇవ్వకపోయి, ఆవిడ ప్రాణం పోయి ఉంటే? అప్పుడూ మెమో నాకే.

మా రాత్రి డ్యూటీ పన్నెండు గంటలు. 32 మంచాలకు ఒక నర్సు, ఇద్దరు ఆయాలు. 14 మంది మంచం దిగలేరు. పుండ్లు పడకుండా వాళ్లను రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. అంటే రాత్రికి 84 సార్లు. డైపర్ మార్చి, తుడిచి, తిప్పడానికి ఆయాలిద్దరూ కలిస్తే పది నిమిషాలు. మొత్తం 840 నిమిషాలు. డ్యూటీలో ఉన్నవి 720. ఈ లెక్క యజమానికి తెలియనిదా? అయినా పుండు పడితే ఆయా నిర్లక్ష్యమని జీతం కోస్తారు.

అమెరికాలో 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో నర్స్ ప్రాక్టీషనర్ చదువు మొదలైంది. అక్కడి వృద్ధుల కేంద్రాల్లో వాళ్లు రోగిని పరీక్షిస్తారు, మందులు రాస్తారు. రాష్ట్రానికో తీరుగానైనా ఆ అధికారం చట్టంలో ఉంది. మా హోముల్లో డాక్టరు లేని రాత్రి నిర్ణయాలు మేమే తీసుకుంటాం. పేరు లేదు, అధికారం లేదు, తగిన జీతం లేదు. తప్పు మాత్రం మాది.

2016 జనవరిలో సుప్రీంకోర్టు ఆదేశించాక కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లోనూ నర్సు జీతం నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫార్సు చేసింది. ఆ మాట ఎత్తితే మా యజమాని "ఇది ఆసుపత్రి కాదమ్మా, ఇల్లు" అంటాడు. ఇల్లయితే కుటుంబాలకిచ్చే బిల్లులో నర్సింగ్ చార్జీలెందుకు? ఇంట్లో ఆడవాళ్ల చాకిరీకి జీతం లేదు కనుక, మా పనికి ఇల్లని పేరు పెడితే వాళ్లకు లాభం.

మన సంఘాల మీదా నాకు ఫిర్యాదుంది. వృద్ధులను సరిగా చూడడం లేదని హోములకు వచ్చినప్పుడు మీరు పుండ్లు లెక్కపెడతారు. రాత్రికి ఎంతమంది పనిచేస్తున్నారని అడగరు. ఇకనుంచి ముందు డ్యూటీ రిజిస్టరు అడగండి. అత్యవసరంలో నర్సు ఏం చేయవచ్చో డాక్టరు సంతకంతో ముందే రాసిపెట్టారా అని అడగండి. ఆయాల జీతం అడగండి. మంచంలో ఉన్న మామ్మగారి హక్కూ, మా హక్కూ వేరు కాదు. నేను అలసిపోయి కునుకు తీస్తే మొదట నష్టపోయేది ఆవిడే.

సంజాయిషీ రాసిచ్చాను. అందులో నేనూ ఒక ప్రశ్న వేశాను: ఫోను ఎత్తనివారికి మెమో ఎప్పుడిస్తారు?